అప్పిచ్చినోళ్ళ పట్టీ

ఆదోని కోర్టు కాడ, జిరాక్సు బంకు పక్కన
వకీలు గుమాస్తా బజారప్ప కాగితం చదివి
కండ్లద్దాలు తీసి తుడుచుకున్న్యాడు.
"కంపెనీ ఐపీ పెట్టిందమ్మా ఉరుకుందమ్మా."

ఐపీ అంటే నాకు తెలుసు.
మా పక్క వీధిలో పత్తి యాపారి పెట్టినాడు ఒకసారి.
రాత్రికి రాత్రి షట్టరు దించి పోయినాడు.
కాటా ఎత్తకపోయినాడు, కుక్కను మరిచిపోయినాడు.
ఆరునెల్లు అది షట్టరు కాడనే పండుకునేది.
వాన్ని తిట్టుకుంటానే దానికి బువ్వ పెట్టినాము.

కంపెనీ కూడా పెడతాదా ఐపీ?
దాని క్యాలెండరు మా గోడకు ఇంకా ఉండాది,
తీర్పు వచ్చిన ఏడు బజారప్పే తెచ్చిచ్చినాడు, ఏనుగు బొమ్మది.
ఏనుగు బతికినా వెయ్యే, సచ్చినా వెయ్యే అంటారు కదా,
ఈ ఏనుగుకు ఏమొచ్చెనని అడిగితే
బజారప్ప నవ్వలేదు.

ఆస్పరి క్రాసు కాడ ఆ పొద్దు
ఆటోలో పదకొండు మందిమి.
కార్తీకం, పత్తి విరగ్గాసిన కాలం.
గిడ్డమ్మ సద్దిగిన్నె నా ఒళ్ళో పెట్టి
కొంగు ముడేసుకుంటాండాది.
ఆ ముడి పడిందో లేదో
నాకు ఇప్పటికీ తెలీదు.

కోర్టులో నా చేతికి లెక్క కట్టినారు.
కూలి మున్నూరంటే రశీదు ఉండాదా అన్న్యారు,
రెండొందలు రాసుకున్న్యారు.
వయసు ముప్పైనాలుగు, పదారుతో గుణించినారు.
నూటికి డెబ్బై పాళ్ళు పోయినాదని డాక్టరు చెప్పినాడు.
జడ అల్లుకునేది, రొట్టె తట్టేది
ఆ డెబ్బైలో పడినాయో లేదో నేను అడగలేదు.
ఎనిమిది లచ్చల ఆరువేల నన్నూరు,
పైన ఏడున్నర వడ్డీ.

ఆ కాగితం చూపించే సుంకన్నతాన
మూడు రూపాయల వడ్డీకి లచ్చన్నర తెచ్చుకున్న్యా.
తీర్పు వచ్చినాక డబ్బు రాకుండా యాడికి పోతాది
అన్న్యాడు సుంకన్న.
నేనూ అన్న్యా.

బళ్ళారి పోయి లారీ ఓనరును అడిగినాము.
మజ్జిగిచ్చినాడు. బీరువా తీసి
ఏడాదేడాదికీ కంపెనీకి కట్టిన రశీదులు
ఒకటి తప్పకుండా పరిచినాడు.
"నేను కట్టినా కదమ్మా."
లారీ పాతినుముకు పోయినాది. ఆయప్పకు ఒక కన్ను కనపడదు.
తిట్టల్లని పోయి, తిట్టలేక,
ప్యాసింజరు బండెక్కి వస్తిమి.

ఇప్పుడీ కాగితంలో నన్ను రుణదాత అని రాసినారంట.
అంటే?
"అప్పిచ్చినోళ్ళు. కంపెనీకి నువ్వు అప్పిచ్చినట్ల లెక్క.
ఫారం నింపల్ల. జీతగాళ్ళు, బ్యాంకులు, పన్నులోళ్ళు,
వాళ్ళందరికీ పోయినాక ఏమన్నా మిగిలితే..."
పట్టీలో నా నెంబరు నాలుగువేల నూటాపదారు.
పెండ్లిలో చదివించినట్ల, నూటాపదార్లు.

నేనెప్పుడిచ్చినా అప్పు?
సుంకన్న ఇచ్చేటప్పుడు నోటు రాయించుకున్న్యాడు,
సాచ్చి సంతకం పెట్టించుకున్న్యాడు,
మూడుసార్లు లెక్కపెట్టుకోమన్న్యాడు.
నేను లెక్కపెట్టకుండా ఇచ్చినా.
మోచేతి కాడికి. గాజులతో సహా.
గిడ్డమ్మయితే మొత్తం ఇచ్చేసినాది,
ఆయమ్మ మొగునికి నెంబరు నాలుగువేల నూటాపదైదు.

ఫారం నింపినాక బజారప్ప
ఇంకుప్యాడు మూత తీసి, అలవాటున,
"ఆడోళ్ళది కుడి బొటనేలు" అని
నోరు మూసుకున్న్యాడు.
ప్యాడును మెల్లగ ఇట్లకు జరిపినాడు.

సాయంత్రం సుంకన్న వచ్చి వాకిట్లో కూచున్న్యాడు.
నేనూ అప్పిచ్చినదాన్నే అన్నా అంటే
పెద్దగ నవ్వి, మళ్ళ ఊరకయ్యి, నీళ్ళడిగినాడు.
ఆయప్పకు మా వాకిలి తెలుసు.
నాకు బాకీ ఉన్నోళ్ళ వాకిలి
బొంబాయో, ఢిల్లీయో,
ఏ షట్టరు కాడ పోయి పండుకోవల్లో,
ఆడ ఎవరు బువ్వ పెడతారో.